మంగళవారం మోకాలు

"మళ్ళీ వచ్చారా తాతగారూ?" అంది హెడ్ నర్సు, చీటీ అందుకోకుండానే.

"మంగళవారం కదమ్మా," అన్నాడు పెద్దాయన.

ఎముకల విభాగం మూడో నంబరు గది ముందు డెబ్బై మంది కూర్చుని ఉన్నారు. కొందరు కట్లతో, కొందరు కర్రలతో, అందరూ విసుగుతో.

ఈ పెద్దాయనకు కట్టూ లేదు, కర్రా లేదు. లిఫ్టు పాడైన రోజున కూడా రెండంతస్తులు చకచకా ఎక్కి వచ్చేశాడు. రెండు నెలలుగా ఇదే వరస. మోకాళ్ళ నొప్పని చీటీ రాయించుకోవడం, గదిలో అరగంట కబుర్లాడి పోవడం. మందుల కౌంటరు వైపు ఒక్కసారైనా వెళ్ళిన పాపాన పోలేదు.

స్టాఫంతా ఆయన్ని 'మంగళవారం మోకాలు' అంటారు. ఆ పేరు పెట్టింది హెడ్ నర్సే.

ఆవిడ దిగులంతా గదిలోని కుర్ర డాక్టరు గురించి. మనిషి సగమైపోయాడు. చొక్కా బొత్తాలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుని వస్తాడు. రెండుసార్లు పిలిస్తే గాని పలకడు.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా బాబూ?" అని అడగాలని ఆవిడకు చాలాసార్లు నోటిదాకా వచ్చింది. డాక్టర్ని నర్సు అడగడమేమిటని మింగేసింది. పనెక్కువై ఇలా అవుతున్నాడనుకుంది. పని తగ్గించడమైతే తన చేతిలో ఉంది.

ఆ రోజు పెద్దాయన వెనకే తనూ గదిలోకి వెళ్ళింది.

"చూడండి తాతగారూ, మీ మోకాళ్ళు నా మోకాళ్ళకంటే నయం. కబుర్లే కావాలంటే పార్కుకు వెళ్ళండి."

"పది నిమిషాలమ్మా."

"పోయిన వారమూ పదే అన్నారు. నలభై అయింది. ఇక మీదట ఈ గదికి మీకు చీటీ ఇవ్వొద్దని కౌంటర్లో చెప్పేశాను. ఫిజియోథెరపీకి వెళ్ళండి."

"రానివ్వండి సిస్టర్," అన్నాడు డాక్టరు. "ఆయనొస్తే నాకు..."

మాట పూర్తి కాలేదు.

"ఆయనొస్తే మీ భోజనం రెండింటికి. మీ మొహమాటం చూసే అందరూ నెత్తికెక్కుతున్నారు."

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. డాక్టరు ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. తన మాటకే డాక్టరు వత్తాసు పలికాడనుకుంది హెడ్ నర్సు.

ఆ తర్వాత మంగళవారాలు ఒంటిగంటకే క్యూ ఖాళీ అయ్యేది. డాక్టరు మాత్రం కుర్చీలోంచి లేచేవాడు కాదు. పోనీలే, కాస్త నడుం వాలుస్తున్నాడని ఆవిడ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసేది. మంచి పని చేశానని సంతోషించేది కూడా.

నాలుగో మంగళవారం డాక్టరు రాలేదు.

గుండెపోటన్నారు పైవాళ్ళు. ఎవరడిగినా అదే చెప్పమన్నారు. తన ప్రాణం తనే తీసుకున్నాడని గదులు ఊడ్చేవాళ్ళతో సహా అందరికీ తెలుసు. ఒక్కరూ పైకి అనలేదు.

సంతాప సభలో సూపరింటెండెంటు కూడా గుండెపోటనే చదివాడు.

డాక్టరు భార్య లేచి నిలబడింది.

"గుండెపోటు కాదండీ. ఏడాదిగా డిప్రెషన్‌తో బాధపడ్డారు. ఇద్దరం కలిసి దాచాం. ఇంక నేను దాచను."

హాలంతా తలలు దించుకుంది. రోజూ పక్కనే ఉండి ఒక్క మాట అడగలేకపోయానని హెడ్ నర్సు కుమిలిపోయింది.

సభ ముగిశాక చూస్తే, చివరి వరసలో పెద్దాయన. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"మీరంటే ఆయనకు అభిమానం. ఆ రోజు మిమ్మల్ని అలా పంపేయాల్సింది కాదు. క్షమించండి."

"తప్పు నాదమ్మా. ఆయన వద్దన్నా సరే, మీకు నిజం చెప్పేసి ఉండాల్సింది."

"ఏం నిజం?"

పెద్దాయన డాక్టరు భార్య వైపు చూశాడు.

డాక్టరు భార్య వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే నలుగురికీ తెలిసి ఉద్యోగం పోతుందని మావారు భయపడితే, ఈ డాక్టరుగారే మోకాళ్ళ నొప్పని చీటీ రాయించుకుని, వారం వారం మీ క్యూలో కూర్చుని వచ్చి ఆయనకు వైద్యం చేశారు సిస్టర్."