మూడు గుటకల తీర్పు

పోస్టుమాన్ రాయప్ప కవరు చేతికిచ్చి, ఏం వచ్చిందో వినే వెళదామన్నట్టు అరుగు మీదే నిలబడ్డాడు. చంద్రశేఖరం కాగితం విప్పి రెండుసార్లు చదివాడు.

"విస్సన్నపేట హైస్కూల్లో సైన్సు మాస్టారు ఉద్యోగం. సోమవారం చేరమన్నారు."

బాలామణి ఆ కాగితం లాక్కుని మూడోసారి పైకి చదివింది. తిరువూరు వచ్చి కాపురం పెట్టిన మూడు నెలల్లో ఆమె ఇంత గట్టిగా ఏదీ చదవలేదు. రాయప్ప చేతిలో పటికబెల్లం ముక్క పెట్టింది. ఇంకో ముక్క మొగుడి నోట్లో పెట్టింది.

"రేపు ఏం చేద్దాం, బాలా?"

"రేపటి సంగతి నాకొదిలేయండి. మీరు కుర్చీలో కూర్చుని మాస్టారిలా కనబడండి, చాలు."

పెరట్లోకి వెళ్ళి చకచకా ఏవో పనులు ముగించుకుని, పటికబెల్లం పళ్ళెంతో వీధిలోకి వెళ్ళింది. చంద్రశేఖరం నిజంగానే కుర్చీలో కూర్చుని మాస్టారిలా కనబడ్డాడు.

ఆమె అటు వెళ్ళగానే ఇంటి ముందు రెండు సైకిళ్ళు ఆగాయి. ఒకటి ప్రొహిబిషన్ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావుది. రెండోది ఎవరిదో పెద్దమనిషిది.

"మీ ఇంట్లో మందు కాస్తున్నారని ఆకాశరామన్న అర్జీ వచ్చింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వారం నుంచి అల్లం, బెల్లం తెగ కొంటున్నారట. సీసా మూత పేలిన చప్పుడు పక్క వీధికి వినిపించిందట."

"అది అల్లం పానకం సార్. నాలుగు రోజులు మూతపెట్టి ఉంచితే సోడాలా పొంగుతుంది. సరదాకి చేశాను. అందులో మత్తుండదు."

"ఉందో లేదో తేల్చడానికే వీరిని తీసుకొచ్చాను. నేను పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టినవాణ్ణి కాదు. మధుసూదనరావుగారు యుద్ధంలో మిలిటరీ క్యాంటీన్‌లో పనిచేశారు. దొరలు తాగేవన్నీ ఆయన నాలుక చివరే ఉంటాయి."

మధుసూదనరావు చిటికెడు పొడుం ముక్కులో దట్టించి, కళ్ళు మూసుకుని తుమ్మి, సిద్ధమే అన్నట్టు గ్లాసు అడిగాడు.

"మత్తున్నట్టు తేలితే కేసే" అన్నాడు ఇన్‌స్పెక్టరు, బల్ల మీది ఉద్యోగం ఆర్డరు వంక చూస్తూ. "కేసున్న మనిషిని పిల్లల ముందు నిలబెట్టరు మాస్టారూ."

చంద్రశేఖరం స్నానాలగదిలోకి వెళ్ళాడు. అక్కడ ఓ మూల తడి ఇసుకలో పానకం సీసా చల్లగా ఉంటుందని దాచాడు. చీకట్లో చెయ్యి చాచి, తగిలిన సీసా తెచ్చి ఇచ్చాడు.

గ్లాసులో పోయగానే నురగ అంచు దాటి పొంగింది.

"చూశారా?" అన్నాడు మధుసూదనరావు. "ఇలా నిలబడే నురగ చూసి పదేళ్ళయింది. పానకానికి ఇంత నురగేంటండీ?"

మొదటి గుటక వేశాడు. ముఖం నిమ్మతొక్కలా ముడుచుకుంది. అయినా తల గొప్పగా ఊపాడు.

"చేదు! బ్రహ్మాండమైన చేదు. మాస్టారూ, మీ పానకం చేదుగా ఉంటుందా?"

"ఉండకూడదండీ" అన్నాడు చంద్రశేఖరం.

"రాసుకోండి" అన్నాడు మధుసూదనరావు ఇన్‌స్పెక్టరుతో.

రెండో గుటకకి ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "ఇది మామూలు బీరు కాదు. దీన్ని ఏల్ అంటారు. దొరలు పండగలకి ఇళ్ళలో కాచుకునేది. బీరుకి పెద్దన్న లాంటిది. పీపాలో ఆర్నెల్లు మగ్గితే గాని ఇంత ఘాటు రాదు."

"చేసి నాలుగు రోజులేనండీ."

"అదేనయ్యా నీ చదువు గొప్పతనం!"

చంద్రశేఖరానికి తన పానకం మీదే అనుమానం వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి. బెల్లం పులిస్తే ఏమవుతుందో కాలేజీలో అతను రాసిన పరీక్షే. పిల్లలకి చెప్పబోయే పాఠం ఇలా తన ఇంట్లోనే జరిగిపోయిందన్నమాట.

మధుసూదనరావు మూడో గుటకా మింగేశాడు. మీసాల మీది నురగ కండువాతో తుడిచాడు. తుడిచినకొద్దీ అది ఇంకా పెరిగింది.

"తీర్పు చెప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గొంతు పట్టేసింది. నాలుగు గ్లాసులు పడితే ఎద్దు కూడా లేవదు. చట్టం మాట పక్కనపెడితే, పదికి తొమ్మిది మార్కులు. కొంచెం తీపి తగిలితే పదీ ఇచ్చేవాణ్ణి."

ఇన్‌స్పెక్టరు అంతా రాశాడు. మధుసూదనరావు కింద సంతకం చేశాడు. సీసాకి సీలు వేసే లక్క కరిగించడానికి అగ్గిపుల్ల గీస్తూ ఇన్‌స్పెక్టరు అన్నాడు: "రేపు పదింటికి కోర్టుకు రండి మాస్టారూ. ఆ ఆర్డరు మడిచి లోపల పెట్టుకోండి. ఇక దాంతో పని ఉండదు."

చంద్రశేఖరం కాగితాన్ని మడిచాడు. మడత సరిగా రాలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

అప్పుడే ఖాళీ పళ్ళెంతో బాలామణి వచ్చింది. శుభవార్త విని ఎవరో వచ్చారనుకుని నవ్వుతూ దణ్ణం పెట్టింది. అంతలో ఇన్‌స్పెక్టరు చేతిలోని సీసా కంటబడింది.

"అదెందుకు బయటికి తెచ్చారండీ? రేపు శనివారం కదా, పొద్దున్నే మీకు తలంటి పోసి మొదటి బస్సుకి నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడికి తీసుకెళదామని, కుంకుడుకాయలు కొట్టి ఇప్పుడే రసం తీసి పెట్టాను!"