ఎనిమిదో అంతస్తు దాకా

లిఫ్టు తలుపులు మూసుకోగానే అతను గొంతు సవరించుకుని పెద్ద ఆఫీసరైపోయాడు.

"ఊఁ, మీ గురించి చెప్పండి మేడమ్."

ఆమె కిసుక్కున నవ్వింది.

"నవ్వితే ఉద్యోగం ఇవ్వరు."

"మీరలా మొహం పెడితే నవ్వు రాదేంటి మరి?"

పెళ్లయి నలభై రోజులు. ఆమె పనిచేసే ల్యాబు మూతపడింది. ఈ ఊళ్లో దొరికేలా ఉన్నది ఈ ఆసుపత్రి ఆఫీసులో రికార్డులు చూసే ఒక్క ఉద్యోగమే. అది కూడా తప్పిపోతే ఆరుగంటల ప్రయాణం దూరంలో ఇంకో ఉద్యోగంలో చేరాలి. మొగుణ్ని వారానికోసారి చూసుకోవాలి.

లిఫ్టు ఎక్కి దిగేలోగా మన గురించి చెప్పేయగలగాలని ఎవరో అన్నారట. అతను ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాడు. ఇంటర్వ్యూలో ఆమెది పదకొండింటికి, చివరి వంతు. పది దాటగానే తీసుకొచ్చి లిఫ్టెక్కించాడు.

బటన్ల పక్కన బూడిదరంగు చొక్కాలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"ఎన్నో అంతస్తు?"

"ఎనిమిది. తర్వాత కిందికి, మళ్లీ ఎనిమిది. కాస్త ఓపిక పట్టాలి బాబాయ్."

"దానిదేముంది, నేనూ తిరిగేవాణ్నే."

ఆమె మొదలుపెట్టింది.

"నేను కష్టపడే మనస్తత్వం కలదాన్ని. క్రమశిక్షణ, నాయకత్వ లక్షణాలు..."

నాలుగో అంతస్తు దగ్గర తడబడింది. ఆరు దగ్గర మళ్లీ మొదటికొచ్చింది.

మూడోసారి పైకి వెళ్తుండగా పెద్దాయన ఉండబట్టలేకపోయాడు.

"ఏమనుకోకు తల్లీ. ఆ మాటలు ఎవరైనా చెప్తారు. నువ్వు చేసిన పని చెప్పు."

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు. లిఫ్టు నడిపేవాడు పాఠం చెప్పడమా!

అయినా ఆమె ఆలోచించింది.

"ఒకే పేరుతో ఇద్దరు పేషెంట్లొస్తే రిపోర్టులు తారుమారయ్యేవి బాబాయ్. పేరు పక్కన ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు రాయడం మొదలుపెట్టా. తర్వాత రెండేళ్లలో ఒక్కటీ మారలేదు."

"ఇంత మంచి సంగతి కడుపులో దాచుకుని, లక్షణాలు లక్షణాలు అంటావేంటి!"

భర్త పకపకా నవ్వాడు. ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చుకుంది.

మళ్లీ పైకి. మళ్లీ కిందికి.

పెద్దాయన చేతిగడియారం చూసుకున్నాడు.

"విసుగొచ్చిందా బాబాయ్?"

"లేదు లేదు. చివర్లో తొందరపడుతున్నావు. ఇంకొక్కసారి చెప్పు."

మళ్లీ ఎనిమిది నొక్కాడు.

పదకొండింటికి ముగ్గురు అధికారుల ముందు ఆమె ఎక్కడా తడబడలేదు. నాలుగంకెల సంగతి వచ్చేసరికి మధ్యలో కూర్చున్నాయన రాయడం ఆపి తలెత్తాడు.

"రేపటి నుంచి రాగలరా?"

బయటికి పరుగున వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది.

"వచ్చేసిందండీ! పదండి, ముందు బాబాయ్‌కి చెబుదాం."

లిఫ్టు ఖాళీగా ఉంది.

ఎదురుగా బల్ల దగ్గర, వంతుల ప్రకారం పిలిచే అమ్మాయిని అడిగింది.

"మీ లిఫ్టు బాబాయ్ ఏరండీ?"

"మా లిఫ్టుకి మనిషెవరూ లేరు మేడమ్."

"అదేంటి, బూడిదరంగు చొక్కా, కొంచెం పెద్ద వయసు..."

ఆ అమ్మాయి చేతిలోని జాబితా చూసింది.

"ఆయనా? పొద్దున నా దగ్గరే పేరు రాయించుకున్నారు. మీకంటే ముందు వంతు ఆయనదే, ఈ ఉద్యోగానికే వచ్చారు. మూడుసార్లు పిలిచినా పలకలేదని పేరు కొట్టేశాం."