మడమ వైద్యం

చోడవరంలో ఆగిపోయిన, బొగ్గు పొయ్యితో నడిచే మాడుగుల బస్సును తోసేసరికి పరదేశి నడుం పట్టేసింది. ఇంటికొచ్చి అరుగు మీద బోర్లా పడుకుని పెళ్లాన్ని కేకేశాడు.

"ఒసే అచ్చియ్యమ్మా! ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు తంతే నడుం పట్టు వదిలిపోతాది. నువ్వలాగే పుట్టేవు కదా, తన్నవే!"

"మొగుణ్ణి తన్నితే పాపం కాదేటి?"

"మందుకి పాపమేటే? మడమతో గట్టిగా తన్ను!"

అచ్చియ్యమ్మ కుచ్చిళ్లు ఎగదోపి తన్నింది. నడుం కటుక్కుమంది. పరదేశి లేచి నిలబడ్డాడు. ఆవిడ కూలబడింది. చీలమండ బెణికి బూరెలా పొంగింది.

ఆ కాలు ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తూ, "ఎదురుకాళ్ల మహిమే మహిమ!" అన్నాడు పరదేశి.

"ఎదురుకాళ్లతో పుట్టింది మా సెల్లి. నాను కాదు."

"మరి నువ్వెందుకు తన్నేవే?"

"పెళ్లైన కాణ్ణించీ నువ్వు తన్నమని ఎప్పుడంటావా అని సూస్తన్నాను. నడుం మళ్లీ పడితే సెప్పు, రెండో కాలు బాగానే ఉంది."