ఏడో మొక్క

అనంతపురం పల్లెల్లో మంచు కురవడం మొదలయ్యాక, వాతావరణ సూచన మొక్క మొక్కకీ విడిగా వస్తోంది. ఆ సాయంత్రం చీనీ తోటలోని పెట్టె చెప్పింది: "తెల్లవారుజామున మైనస్ నాలుగు డిగ్రీలు, మంచువాన. కాలువ పక్కనున్న ఏడు మొక్కలు చనిపోతాయి."

"ఎందుకు సస్తాయి?" ఓబులమ్మ ఒక మొక్కకు బొంత చుట్టింది. "ఇప్పుడు చెప్పు."

"ఆరు."

కోడలు సుభద్ర ఇంట్లోంచి మోసుకొచ్చిన చీరలూ దుప్పట్లూ గోనెసంచులూ వరసగా చుట్టేసింది. పెట్టె లెక్క ఒకటి దగ్గర ఆగింది.

"ఇండ్లో ఇంకేం లేవత్తా," అంది సుభద్ర.

ఓబులమ్మ తాను కప్పుకున్న కంబళి తీసి ఏడో మొక్కకు కట్టింది.

"మొక్కలన్నీ బతుకుతాయి," అంది పెట్టె. "మీకు మాత్రం జ్వరం వస్తుంది."

"జొరం నాకేమన్నా కొత్తా? ఎల్లుండి సంగతి చెప్పు."