ఏ కాలు?

“ఏ కాలురా?” రోజ్‌మేరీ ఆకు నానేసిన సారా సీసా మూత తీస్తూ అడిగింది అవ్వ రెమెదియోస్.

ఫుట్‌బాల్ పెద్ద జట్టుకు మిడ్‌ఫీల్డర్‌గా తొలి ఆట ఆడి, ఆఖరి నిమిషంలో పడిపోయి పెనాల్టీ సంపాదించి, పక్కూరి జట్టును ఓడించి వచ్చిన ఎలోయ్ ఎడమకాలు చాపాడు.

అవ్వ మర్దన మొదలుపెట్టింది. “టీవీలో కుడికాలు పట్టుకుని పొర్లావు కదరా?”

ఎలోయ్ రెండు కాళ్ల వంకా చూసుకున్నాడు.

“అయితే రెండూనా! నిన్ను తన్నినవాడి కాళ్లు పడిపోను! ఎర్రకార్డు చూసి ఏడుస్తూ పోతుంటే జాలిపడ్డాను కూడా.” కుడికాలు ఒళ్లోకి లాక్కుంది. “చర్చిలో కొవదోంగా మాతకు కొవ్వొత్తి వెలిగించానురా నీకోసం.”

“తిట్టకవ్వా. వాడు నన్ను తాకనేలేదు.”

అవ్వ చెయ్యి ఆగిపోయింది. మెల్లగా సీసాకు మూత బిగించి మనవడి చేతిలో పెట్టింది.

“ఇది దెబ్బ తగిలినవాళ్లకు రాసే మందు. పో, ఆ పిల్లాడికి ఇచ్చి రా.”