ఏడవనీ తల్లీ

కోట సొరంగంలోకి నాలుగడుగులు వేశారో లేదో, మాంతస్ గుక్కపెట్టి ఏడవడం మొదలుపెట్టాడు.

ఆరు నెలల పసివాడు. తల్లి గింతారే వాణ్ణి శాలువాతో గుండెలకు కట్టుకుని ఉంది.

తడి ఇటుక గోడలకు తగిలి ఆ ఏడుపు పదింతలై తిరిగొచ్చింది. ఇనుప తలుపుల వెనక ఇంకెవరో పిల్లలు కూడా ఏడుస్తున్నారేమో అనిపించేలా ఉంది.

పొద్దున రాజధాని విల్నియస్‌లో బస్సెక్కి వచ్చిన వాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.

కౌనస్ ఊరి చివర ఉన్న కోట అది. యుద్ధకాలంలో నాజీలు యూదుల్ని వేలకు వేలుగా తోలుకొచ్చి కాల్చి చంపిన చోటు. అక్కడికొచ్చిన వాళ్లెవరూ గొంతెత్తి మాట్లాడరు.

అత్తగారు ముందే అంది, "చంటిబిడ్డను చంకనేసుకుని అలాంటి చోటికి పోతావా? బుద్ధుందా?" అని.

గింతారే వినలేదు. ఆమె పుట్టి పెరిగింది కౌనస్‌లోనే. చిన్నప్పుడు రోజూ ఆ కోట పక్కనుంచే బడికెళ్లేది. ఒక్కసారీ లోపలికి పోలేదు. రేపు పిల్లాడు పెద్దయి "అదేంటమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలి?

గైడ్ విదా మాట ఆపింది.

"ఏమండీ, కాస్త ఊరుకోబెట్టండి. వెనకవాళ్లకి వినపడ్డం లేదు."

"ఇప్పుడే పాలిచ్చానండీ. పడుకుంటాడనుకున్నా."

"పసివాళ్లను ఇక్కడికి తేవడమెందుకో!" ఎవరో గొణిగారు.

గింతారే తలెత్తలేకపోయింది. పాలపీక పెడితే వాడు ఉమ్మేశాడు. ఊపింది. జోకొట్టింది. దిక్కుతోచక, అరచేతిని మెల్లగా వాడి నోటికి అడ్డం పెట్టింది.

అంతే. ఎవరో ఆ చేతిని పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

బస్సులో ముందు సీట్లో కూర్చున్న ముసలావిడ. దారిపొడుగునా పెదవి విప్పలేదు. పక్కన కూర్చున్న ముసలాయన హిర్ష్ ఆవిణ్ణి "డోబా" అని పిలవడం మాత్రం గింతారే విన్నది. అందరూ సొరంగంలోకి వస్తుంటే ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది.

"చెయ్యి తియ్!"

"వదలండీ, నొప్పి!"

"ఏడవనీ తల్లీ. వాణ్ణి ఏడవనీ."

"అందరూ నన్ను తిట్టుకుంటున్నారండీ."

"తిట్టుకోనీ. తిట్లకు ఎవరూ చావరు."

ఆవిడ పసివాడి మీదికి వంగింది.

"ఏడు నాన్నా. ఇంకా గట్టిగా ఏడు. ఊఁ... ఊరంతా వినపడాలి!"

కొత్త మొహం చూసి మాంతస్ ఇంకా జడుసుకున్నాడు. వాడి కేకకు సొరంగం దద్దరిల్లింది. ముసలావిడ కళ్లు మూసుకుని వింటూ నిలబడింది. పెదవుల మీద నవ్వు, చెంపల మీద నీళ్లు.

గింతారే బిడ్డను గుండెలకు అదుముకుని గోడవైపు తిరిగింది.

"పిచ్చా మీకు? పసివాణ్ణి ఏడిపించి సంబరపడతారా? అసలు పిల్లల్ని కన్నారా మీరు? ఎప్పుడైనా ఎత్తుకున్నారా?"

"కనలేదమ్మా. ఎత్తుకున్నాను."

"ఎత్తుకున్నవాళ్లు చేసే పనేనా ఇది?"

డోబా కాసేపు పసివాణ్ణే చూసి, గోడ పట్టుకుని వెలుతురు వైపు నడిచిపోయింది.

బయట గడ్డి మైదానంలో గాలి తగలగానే మాంతస్ నిద్రపోయాడు. ఆ గడ్డి కిందే అందరినీ పూడ్చారని విదా చెబుతోంది. గింతారే చెవికెక్కలేదు. తొందరపడి మాట తూలానని మనసు పీకుతోంది. మూడుసార్లు చుట్టూ చూసింది. ముసలావిడ కనపడలేదు.

బస్సెక్కితే ముందు సీట్లో హిర్ష్ ఒక్కడే ఉన్నాడు.

"బాబాయ్‌గారూ, ఆవిడేరి?"

"టాక్సీ ఎక్కి స్టేషన్‌కి పోయింది. రైల్లో పోతుందట."

"నేనన్న మాటకేనా?"

"నీ మాట తగిలుంటే తగిలుంటుంది. అందుకు కాదులే." ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఏటా వస్తాం ఇద్దరం. ఏటా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇవాళే లోపల అడుగుపెట్టింది. 'విన్నాను హిర్ష్, చాలు. ఇంక రాను' అని చెప్పి వెళ్లిపోయింది."

"ఏం విన్నారావిడ?"

బస్సు కదిలింది.

"నాజీలు మా యూదుల్నందర్నీ కంచె వేసి బంధించిన ఘెట్టోలో మాది, డోబా వాళ్లది పక్కపక్క ఇళ్లు. ఒకరోజు పెద్దవాళ్లను పనికి తోలుకుపోయాక, సైనికులు పిల్లల కోసం ఇల్లిల్లూ గాలించారు. మా వీధి పిల్లలమంతా ఒక నేలమాళిగలో దాక్కున్నాం. నెత్తి మీద చెక్కలు. చెక్కల మీద బూట్లు, కుక్కలు. అప్పుడు మేలుకున్నాడు డోబా తమ్ముడు. నీవాడి ఈడే."

గింతారే ఒళ్లోని బిడ్డ వైపు చూసింది.

"ఏడ్చాడా?"

"నోరు తెరిచాడు. ఏడుపు బయటికి రాలేదు. వచ్చుంటే నేనీ సీట్లో ఉండను."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నిద్రలో ఉన్న బిడ్డను గట్టిగా హత్తుకుంది.

"అయ్యో... కన్నతల్లి తన చేతులతో తనే..."

హిర్ష్ తల అడ్డంగా ఊపాడు.

"తల్లి పనికి పోయిందమ్మా; ఆ పూట పిల్లాడు తొమ్మిదేళ్ల డోబా ఒళ్లో ఉన్నాడు."