రక్తంలో వాగు

"ఈ రిపోర్టు నేను నమ్మను" అంటూ రంగుల ఫ్యాక్టరీ ఓనరు కాగితాన్ని బల్ల మీదకి విసిరికొట్టాడు.

నీళ్ళూ రక్తమూ రెండూ పరీక్ష చేసే చిన్న ల్యాబు అది. టెక్నీషియన్ కళ్ళజోడు సవరించుకుని, తను రాసిన రిపోర్టును తనే కొత్తగా చూస్తున్నట్టు పైనుంచి కిందదాకా చదివాడు.

"తప్పేముంది సార్? అన్నీ నార్మలే కదా."

"అదేనయ్యా తప్పు! పొద్దస్తమానం నోట్లో ఇనపముక్క చప్పరిస్తున్నట్టు ఉంది. వేళ్ళు తిమ్మిర్లు. నా సంతకం నాది కాదంటున్నాడు బ్యాంకువాడు. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాను. ఇదంతా నార్మలా?"

"పదకొండేళ్ళుగా మీ ఫ్యాక్టరీ మురుగునీళ్ళకీ నార్మలనే రాస్తున్నాను. ఏనాడూ కోప్పడలేదు మీరు."

"అవి నీళ్ళు! ఇది నేను!"

టెక్నీషియన్ తల దించుకుని బల్ల మీది సీసాలు సర్దసాగాడు. నిజానికి అతను చెడ్డవాడేం కాదు. నెలనెలా ఫ్యాక్టరీ నుంచి ఒక మురుగునీళ్ళ బాటిలు వచ్చేది, దాని వెనకే నార్మలని రాయమని ఫోనూ వచ్చేది. మొదట్లో రాయడానికి మనసొప్పేది కాదు. తర్వాత మనసుతో పని లేకుండా చెయ్యే రాసుకుపోవడం మొదలెట్టింది. ఓనరు రక్తం విషయంలో జరిగిందీ అదే.

"నా రక్తం ట్యూబు మూతైనా తీశావా?" అని నిలదీశాడు ఓనరు.

"ఇదుగో, ఇప్పుడు తీస్తాను సార్."

తిట్టడానికి నోరు తెరిచిన ఓనరు తిట్టకుండానే కుర్చీలో కూలబడ్డాడు. మనిషి సగమైపోయాడు. "నీకు దణ్ణం పెడతానయ్యా, ఈ ఒక్కసారికి నిజం చెప్పు. అసలు రోగమేంటో తేలందే మందు మొదలుపెట్టనంటున్నాడు డాక్టరు. ఇలాగే వదిలేస్తే ఏడాది తిరగదట. ఇంటికెళ్తే మా ఆవిడ మొహం చూడలేకపోతున్నాను."

టెక్నీషియన్‌కి జాలేసింది. మిషను మీద గుడ్డ తీస్తే లేచిన దుమ్ముకి ఇద్దరూ తుమ్మారు. రక్తం పెట్టాడు. ఎందుకో అనుమానం వచ్చి, ఆ ఉదయమే వచ్చిన మురుగునీళ్ళ బాటిలు మూత కూడా తీశాడు. కాసేపటికి మిషను రెండు కాగితాలు కక్కింది. అతను వాటిని పక్కపక్కన పెట్టి రెండుసార్లు చదివాడు.

"సీసం సార్. మీ ఒంట్లో ఉండకూడనంత ఉంది."

"నా ఒంట్లోకి ఎలా వచ్చింది?"

టెక్నీషియన్ రెండో కాగితం ముందుకు జరిపాడు. "ఇది మీరు వాగులోకి వదిలే నీళ్ళది. ఇందులోనూ అదే."

"ఆ నీళ్ళు నేను తాగితే కదా! కొండ మీద ఇల్లు కట్టుకుంది ఎందుకనుకున్నావు? వాగు వాసన కూడా తగలదక్కడ. డబ్బా నీళ్ళు, తోటలో కూరగాయలు, కళ్ళెదుట పితికిన ఆవుపాలు. అన్నీ ఏరికోరి తెప్పించుకుంటాను."

"డబ్బా నీళ్ళ కంపెనీ బోరెక్కడ సార్?"

"వాగు పక్కన."

"కూరగాయల తోట?"

"వాగుకి దిగువన."

"ఆవు?"

అదెక్కడ నీళ్ళు తాగుతుందో ఓనరు దాన్ని ఎప్పుడూ అడగలేదు.

"వాగులో వదిలేస్తే పోతుందనుకున్నానయ్యా" అన్నాడు చివరికి, నీరసంగా.

"పోయింది సార్. చుట్టూ తిరిగి మీ ఇంటికే పోయింది."

టెక్నీషియన్ గొంతు తగ్గించాడు. "ఇంకో మాట సార్. రక్తంలో ఇంత సీసం ఉందని రాస్తే ఒక కాపీ ఆరోగ్యశాఖకి పంపి తీరాలి. వాళ్ళు పేరు చూసి, ఆ మనిషి ఇల్లేదో, పనిచేసే చోటేదో కనుక్కుని వచ్చేస్తారు. వాగు నీళ్ళు వాళ్ళే పరీక్ష చేస్తారు. వారంలో ఫ్యాక్టరీ గేటుకి తాళం పడుతుంది. నార్మలని రాస్తే ఫ్యాక్టరీ ఉంటుంది, మీరుండరు. నిజం రాస్తే మీరుంటారు, ఫ్యాక్టరీ ఉండదు."

ఓనరు లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. దూరంగా ఆయన ఫ్యాక్టరీ గొట్టం పొగ వదులుతోంది. టెక్నీషియన్‌కి ఆయన చెప్పబోయే జవాబేమిటో ముందే తెలిసిపోయింది. పదకొండేళ్ళుగా వింటున్నదే కదా. కానీ ఈసారి అతనికి ఎక్కడలేని తెగింపు వచ్చింది.

"సార్, మీరెంత చెప్పినా ఈ ఒక్కటీ నార్మలని రాయను. మనిషి ప్రాణం ఇది."

ఓనరు వెనక్కి తిరిగాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. వచ్చి టెక్నీషియన్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"వద్దయ్యా, అబద్ధాలు ఇక చాలు. ఉన్నది ఉన్నట్టు రాసెయ్. ఆరోగ్యశాఖకి నువ్వే పంపు. తాళం పడితే పడనీ."

టెక్నీషియన్ గుండె పొంగిపోయింది. చదువుకున్న చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చిందనిపించింది. కొత్త కాగితం తీసుకుని, మిషను చెప్పిన అంకెను పెద్దగా, స్పష్టంగా రాశాడు. సంతకం చేశాడు. స్టాంపు గుద్దాడు. పేషెంటు పేరు రాయడానికి పెన్ను పైకి జరిపేసరికి ఓనరు గబుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పేరు దగ్గర మాత్రం మా తోడల్లుడి పేరు రాయి. ఆ పేరుతోనే ఆస్పత్రిలో చేరతాను. వాడిదీ ఈ వాగు ఒడ్డున రంగుల ఫ్యాక్టరీయే!"